మెకానిక్‌కి కాఫీ లేదు

"అంతకుముందున్న మెకానిక్ లిఫ్టు గుంటలో పడి చచ్చిపోయాడు. ఇప్పుడు ఆ డ్యూటీకి నువ్వెళ్ళాలి," అన్నాడు పెద్దాయన, పక్కింటికెళ్ళి నిచ్చెన అడిగి తీసుకురమ్మన్నంత తేలిగ్గా.

ఏజెంట్ టెస్టర్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి గూఢచారి అయినవాడు. జేబులో పెన్నుకి బదులు టెస్టర్ పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అదే అతని కోడ్ నేమ్. మనిషి మొండి. తుపాకీ ఎదురుగా పెట్టినా బెదరడు, హైవోల్టేజీ ప్యానెల్‌లో చెయ్యి పెట్టడానికీ వెనకాడడు. ఉన్నది ఒక్కటే జబ్బు. తన భార్య వైపు ఎవడైనా రెండోసారి చూస్తే చాలు, కడుపులో మంట మొదలవుతుంది. మొదటిసారి చూసినా మొదలవుతుంది, కాకపోతే పైకి చెప్పడు.

"బ్రీఫింగ్," అన్నాడు టెస్టర్.

"వ్యాక్సిన్ ల్యాబ్. సెంట్రిఫ్యూజ్ అంటే తెలుసు కదా?"

"ట్యూబుల్ని గిర్రున తిప్పి, అందులో బరువుగా ఉన్నదాన్ని అడుక్కి దించే మిషన్."

"అదే. మూడో నంబర్ సెంట్రిఫ్యూజ్ మాటిమాటికీ ఆగిపోతోంది. ఎలక్ట్రికల్ ఫాల్ట్ అంటున్నారు. అది ఆగినప్పుడల్లా లోపలి ట్యూబులు మారిపోతున్నాయి. ముఖ్యమైనవి ఫారిన్ గూఢచారుల రింగ్‌కి పోతున్నాయి, నకిలీవి మనకి మిగులుతున్నాయి. ఇప్పటిదాకా పోయినవి చిన్నా చితకా శాంపిల్స్. ఈ వారం వ్యాక్సిన్ సీడ్, అంటే మందు మొత్తానికీ మూల విత్తనం, తిప్పబోతున్నారు. అది పోతే జ్వరం మన వీధుల్లో ఉంటుంది, మందు వాళ్ళ చేతిలో ఉంటుంది."

"లోపలి మనిషెవరు?"

"ఇద్దరి మీద అనుమానం. ఒకడు ల్యాబ్ డైరెక్టర్. రెండో మనిషి ఆ మిషన్ నడిపే సైంటిస్ట్. ఆవిడ మన డబుల్ ఏజెంటే. రింగ్‌కి అమ్ముడుపోయినట్టు నటించమని మనమే పంపాం. కొంతకాలంగా రిపోర్టు లేదు, పలుకు లేదు. నటన కాస్తా నిజమైపోయిందని పైవాళ్ళ అనుమానం." పెద్దాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "కోడ్ నేమ్ చిలక."

టెస్టర్ కుర్చీలోంచి లేచిపోయాడు. చిలక అతని భార్య. అదే డిపార్ట్‌మెంట్‌లో ఏజెంటు, ఈ పెద్దాయనకి స్వయానా మేనకోడలు.

"మామయ్యా! అది ఆఫీస్ టూర్ అని చెప్పి వెళ్ళింది!"

"ఆఫీస్ టూరే. మన ఆఫీసే."

"సొంత పెళ్ళాం మీద నన్ను నిఘా పెట్టమంటారా?"

"అల్లుడూ, పెళ్ళైన దగ్గర్నుంచీ నువ్వు చేస్తున్న పని అదేగా? ఈసారి టి.ఏ., డి.ఏ. కూడా ఇప్పిస్తాను." పెద్దాయన నవ్వలేదు. "ఆ పిల్ల ఎవరితో నవ్విందో, ఎంతసేపు నవ్విందో నీ అంత కచ్చితంగా పట్టే పరికరం మన స్టోర్స్‌లో లేదు. తిరగబడిందని తేలితే నువ్వే అరెస్ట్ చెయ్యి. నువ్వు చెయ్యకపోతే ఇంకో టీమ్ వస్తుంది. వాళ్ళు అరెస్ట్‌తో ఆగరు."

అదీ అసైన్‌మెంట్. నలుగురిని కాపాడే మందు సంగతి డిపార్ట్‌మెంట్ గొడవ. టెస్టర్ తలకాయలో మాత్రం ఒకే ప్రశ్న గిరగిరా తిరిగింది: ఆ డైరెక్టర్ అనేవాడు చూడ్డానికెలా ఉంటాడు?

* * *

బాగుంటాడు. అదే వచ్చిన చిక్కు.

పొడుగ్గా, కణతల దగ్గర కాస్త నెరిసి, గొంతు గంటలా మోగుతూ, చూడగానే కుళ్ళుకోవాల్సిన మనిషి. అతని పక్కన టెస్టర్ వేషం సంగతి చెప్పకపోవడమే మంచిది. బూడిదరంగు ఓవరాల్, పెట్టుడు మీసం, చొక్కా లోపల కట్టుకున్న దూది పొట్ట. చేతిలో కెమెరా దాచిన మల్టీమీటర్. జేబులో ట్రాన్స్‌మిటర్ బిగించిన టెస్టర్.

"కొత్త మెకానిక్కా?" అన్నాడు డైరెక్టర్. "మా మేడమ్ గారి మిషన్‌కి ప్రాణం పొయ్యాలయ్యా నువ్వు."

మా మేడమ్ గారట! టెస్టర్ పళ్ళు కొరికాడు.

మూడో నంబర్ సెంట్రిఫ్యూజ్ ఓ వాషింగ్ మిషనంత ఇనప పెట్టె. దాని పక్కన చిలక నిలబడి ఉంది. తెల్లకోటు కింద ముదురు నీలం చీర, పెదాలకి రంగు, మెడ దగ్గర సన్నటి సెంటు వాసన. ఇంట్లో ఏనాడైనా ఆ సెంటు పూసుకుందా? టెస్టర్ జ్ఞాపకాలన్నీ గాలించాడు. దొరకలేదు.

పనే ముందు. టూల్‌బ్యాగ్ కింద పెట్టి, పెద్దాయన ఇచ్చిన కోడ్ వాక్యం వదిలాడు.

"మేడమ్, ఈ గదిలో ఎర్తింగ్ సరిగ్గా ఉందా?"

చిలక మన మనిషే అయితే, 'వానలు పడితే తెలుస్తుంది' అనాలి. ఆమె అతని వైపు నింపాదిగా చూసింది.

"అది చూడ్డానికేగా నిన్ను పిలిచింది? పని చూసుకో, మెకానిక్."

డైరెక్టర్ పకపకా నవ్వాడు. చిలక కూడా నవ్వింది. తను జోకు వేస్తే ఇంట్లో నవ్వే నవ్వే అది, అచ్చం అదే. టెస్టర్‌కి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. కోడ్‌కి జవాబు లేదంటే మనిషి చెయ్యిజారినట్టే. కానీ నిజం చెప్పాలంటే అతన్ని కాల్చింది ఆ జవాబు కాదు, ఆ నవ్వు.

మిషన్ విప్పాడు. ఫ్యూజు బాగానే ఉంది. వైరు, ప్లగ్గు బాగున్నాయి. మూత పడితే తప్ప మోటారు తిరగనివ్వని స్విచ్చు టిక్కుమంటోంది. మోటారు కార్బన్ బ్రష్షులు సగం కూడా అరగలేదు. ట్యూబుల బరువు అటూ ఇటూ తేడా వస్తే తనంతట తనే మిషన్‌ని ఆపేసే బ్యాలెన్స్ స్విచ్చు కూడా భేషుగ్గా ఉంది. ఆన్ చేస్తే అత్తారింటికి కొత్తగా వచ్చిన అల్లుడంత బుద్ధిగా తిరిగింది. పాతకాలం మిషన్ కాబట్టి ఫాల్ట్ వస్తే ఒక ఎర్ర దీపం వెలుగుతుందంతే, ఎందుకొచ్చిందో చెప్పదు.

మర్నాడు మళ్ళీ ఆగింది. కింద వర్క్‌షాపులో ఉన్న టెస్టర్‌కి కబురొచ్చి, మెట్లెక్కి వచ్చేసరికి మళ్ళీ మామూలే. మెకానిక్ ముందు ఏ మిషనైనా పతివ్రతే కదా! తల గోక్కుంటుంటే ల్యాబ్ అటెండర్ బాబాయ్ పక్కన చేరాడు. ఊరందరికీ బాబాయే, ఊరందరి కబుర్లూ అతని దగ్గరే.

"దీనికి దిష్టి తగిలినట్టుందయ్యా," అన్నాడు బాబాయ్. "అయినా మా డైరెక్టర్ గారు దొరబాబు. మిషన్ ఆగితే విసుక్కోరు. మెకానిక్ వచ్చేలోగా ఏం చేస్తాం, రండంటూ అందర్నీ పక్కన ప్యాంట్రీలోకి తీసుకెళ్ళి కాఫీ పోస్తారు. మేడమ్‌కైతే స్వయంగా కలిపి ఇస్తారు. ఆవిడంటే ప్రాణం అనుకో."

"నీక్కూడా పోస్తాడా కాఫీ?"

"ఎందుకు పోయరు? నీకివ్వలేదా?"

"లేదు."

"అయ్యో పాపం," అన్నాడు బాబాయ్ మనస్ఫూర్తిగా. కత్తితో పొడిచినా అంత మండేది కాదు.

ఆ తర్వాత రోజు టెస్టర్ వర్క్‌షాపులో కూర్చోలేకపోయాడు. మల్టీమీటర్‌ని సెంట్రిఫ్యూజ్ సప్లయ్‌కి తగిలించి, ఎంత తక్కువ వోల్టేజీ వచ్చిందో గుర్తుపెట్టుకునే బటన్ నొక్కి వదిలేశాడు. అతను మాత్రం నిచ్చెన వేసుకుని, కారిడార్‌లో ట్యూబ్‌లైట్ మారుస్తున్నట్టు నటిస్తూ ప్యాంట్రీ అద్దంలోంచి లోపలికి కళ్ళప్పగించాడు. ఇది నిఘా అని అతను అనుకున్నాడు. ఏ ఇంట్లోనైనా దీన్ని కుళ్ళుబోతుతనం అంటారు.

ప్యాంట్రీలో డైరెక్టర్ ఒక్కడే ఉన్నాడు. అందరి కప్పులూ కడిగాడు. ఒక కప్పుని మరీ ముద్దుగా తుడిచాడు. ఆ ముద్దు కప్పు ఎవరికో టెస్టర్‌కి వేరే చెప్పాలా? పెద్ద స్టీలు కెటిల్ నిండా నీళ్ళు పోసి స్విచ్చేశాడు.

గోడకి అవతల సెంట్రిఫ్యూజ్ మూలుగు సన్నగిల్లింది. ఆగిపోయింది.

"అయ్యయ్యో, మళ్ళీనా!" అంటూ డైరెక్టర్ బయటికొచ్చాడు. "రండి, రండి, కాఫీ తాగుదాం."

నిచ్చెన మీద టెస్టర్ కొయ్యబారిపోయాడు. మిషన్ ఆగింది కాబట్టి కాఫీ అని ల్యాబంతా అనుకుంటోంది. ఎందుకంటే మిషన్ ఆగాకే వాళ్ళు ప్యాంట్రీ వైపు చూస్తారు. అంతకుముందే వచ్చి ఆ కెటిల్ మీద కళ్ళు పెట్టి ఏడ్చేవాడు మొగుడొక్కడే. కెటిల్ ముందు, ఆగడం తర్వాత!

మిగతావాళ్ళతో పాటు చిలక వచ్చింది. డైరెక్టర్ ఆమెకి కప్పు అందించి, చెంచాడు చక్కెర చాలా అని అడిగి, "ఒక్క నిమిషం, ఫోన్," అంటూ బయటికి జారుకున్నాడు. టెస్టర్ నిచ్చెన మీంచి మెడ చాచాడు. డైరెక్టర్ ఖాళీ ల్యాబ్‌లోకి వెళ్ళాడు. కరెంటు లేనప్పుడు మూత తెరవడానికి సెంట్రిఫ్యూజ్ పక్కన చిన్న కన్నం ఉంటుంది. అందులో సన్నటి ఊచ దూర్చి తిప్పాడు. మూత లేచింది. జేబులోంచి ట్యూబు తీశాడు, లోపలిది జేబులో వేసుకున్నాడు, మూత మూశాడు. ఫోన్ మాట్లాడినవాడిలా నవ్వుతూ తిరిగొచ్చాడు.

అంతా వెళ్ళాక టెస్టర్ మీటర్ చూశాడు. రెండొందల ముప్ఫై ఉండాల్సిన వోల్టేజీ నూట అరవైకి పడిపోయింది. గోడలో జంక్షన్ బాక్స్ విప్పితే సంగతి బయటపడింది. కెటిల్‌కీ సెంట్రిఫ్యూజ్‌కీ ఒకటే లైను. న్యూట్రల్ వైరు స్క్రూని ఎవరో కావాలని వదులు చేశారు. కెటిల్ లాంటి తిండిపోతు కరెంటు లాగగానే ఆ వదులు జాయింట్ దగ్గరే వోల్టేజీ చచ్చిపోతోంది, మిషన్ ఆగిపోతోంది. వైరు తొడుగు మాడి నల్లబడింది.

డైరెక్టర్ దొరికినట్టే. మరి చిలక? ఆ కాఫీ తాగుతూ కూర్చున్నది తెలిసా, తెలియకా?

కారిడార్‌లో ఆమె ఎదురైంది. ఆగకుండానే, పెదాలు కదలకుండా అంది: "మెకానిక్, రేపు సెలవు పెట్టు."

రేపే సీడ్ రన్. అడ్డు తొలగించుకుంటోందన్నమాట! టెస్టర్ స్టోర్‌రూమ్‌లో దూరి జేబులోని టెస్టర్‌లో పెద్దాయనకి మొత్తం చెప్పాడు.

అవతల కళ్ళజోడు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"రేపు ఇద్దర్నీ కలిపే పట్టుకో," అన్నాడు పెద్దాయన. "దాన్ని ఎత్తుకుని పెంచిన చేతులయ్యా ఇవి. అయినా పట్టుకో."

* * *

మర్నాడు మధ్యాహ్నం. ల్యాబ్‌లో ఎండ నేల మీద పలకలు పలకలుగా పడి ఉంది. టెస్టర్ నాలుగో నంబర్ మిషన్ విప్పుకుని ఓ మూల కూర్చున్నాడు. గేటు బయట పెద్దాయన మనుషులు కాపలా ఉన్నారు. బాబాయ్‌ని డైరెక్టర్ ఏదో పని చెప్పి కిందికి పంపేశాడు.

చిలక సీడ్ ట్యూబుల పెట్టె తీసుకుని, మిషన్ లోపల గిర్రున తిరిగే రోటర్‌లో వాటిని అమర్చింది. ఆ పెట్టె రాత్రంతా ఉన్నది డైరెక్టర్ గది ఫ్రిజ్‌లో. మూత వేసింది. స్టార్ట్ నొక్కి, అలవాటు ప్రకారం డయల్ మీదికి వంగి నిలబడింది.

కెటిల్ చప్పుడు లేదు. ఇవాళ కాఫీ లేదు.

టెస్టర్ ఓరకంట డైరెక్టర్ కోసం వెతికాడు. రోజూ చిలకకి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండే మనిషి ఇవాళ గది ఆ చివర, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఫ్లాస్కు. ఆమె వైపు చూడటం కూడా లేదు. టెస్టర్ ప్రాణం లేచొచ్చింది. తగవు పడ్డారు! మాటల్లేవు! ఇన్నాళ్ళకి దేవుడు కళ్ళు తెరిచాడు!

ఆ సంతోషం ఒక్క ఊపిరి పీల్చేంత సేపుంది.

అలాంటివాడు ఆమెని ఎందుకు వదులుతాడు? తనకైతే తెలుసు, ఆమె గదిలో ఉంటే అంత దూరం ఎవడూ ఊరికే నిలబడడు. కుళ్ళుకునేవాడికి ఆ లెక్క పాఠంలా వచ్చు. దూరంగా ఉన్నాడంటే అక్కడ ఉండకూడదని వాడికి తెలుసు.

అప్పుడు విన్నాడు. సెంట్రిఫ్యూజ్ మూలుగులో ఒక కుంటి చప్పుడు. దడ్, దడ్, దడ్. ట్యూబుల బరువు ఒకవైపు ఎక్కువుంది. బ్యాలెన్స్ స్విచ్చు ఈపాటికి మిషన్‌ని ఆపెయ్యాలి. ఆపలేదు. అది పనిచెయ్యకుండా ఎవరో దాని వైర్లు రెండూ కలిపేశారు. స్పీడ్ ఇంకా పెరుగుతోంది. పూర్తి స్పీడ్‌కి చేరితే ఆ ఉక్కు రోటర్ ముక్కలై పెట్టెని చీల్చుకుని వస్తుంది. సాక్ష్యం, సాక్షి, రెండూ ఒకేసారి పోతాయి. రాత్రే మార్చేసిన అసలు సీడ్ ఆ ఫ్లాస్కులో ఉంది.

"చిలకా! పడుకో! నేల మీద పడుకో!"

దూది పొట్ట ఊగిపోతుండగా తలుపు వైపు పరుగెత్తాడు. గది మొత్తానికి ఉన్న ఎర్ర మెయిన్ స్విచ్చు డైరెక్టర్ భుజం వెనకే ఉంది. వాడు అక్కడ నిలబడ్డది అందుకు కూడా.

"ఏమిటయ్యా గోల? పని చూసుకో," అంటూ డైరెక్టర్ కోటులోంచి పిస్టల్ తీశాడు.

టెస్టర్ మల్టీమీటర్ విసిరాడు. అది మణికట్టుకి తగిలి పిస్టల్ ఎగిరిపడింది. తర్వాత దవడ మీద ఒకటి ఇచ్చాడు. అది డిపార్ట్‌మెంట్ తరఫున. ఇంకొకటి ఇచ్చాడు. అది ముద్దుగా తుడిచిన కప్పు తాలూకు. చెయ్యి అలాగే చాచి స్విచ్చుని కిందికి గుంజాడు.

గదంతా చచ్చినట్టయింది. సెంట్రిఫ్యూజ్ ఊగుతూ, గుద్దుకుంటూ, నేల మీద జానెడు జరిగి, గోడకి ఆనుకుని, మూలుగు దించుకుంటూ దించుకుంటూ నిలబడిపోయింది. మూత ఊడలేదు.

డైరెక్టర్ మాత్రం లేచాడు. ఫ్లాస్కు ఎదకి హత్తుకుని పక్క తలుపు వైపు ఒక్క ఉరుకు ఉరికాడు. బల్ల కిందనుంచి చీర అంచు, దాని వెంట ఒక కాలు బయటికొచ్చాయి. డైరెక్టర్ బోర్లా పడ్డాడు. గాల్లోకి లేచిన ఫ్లాస్కు నేలని తాకబోయేంతలో రెండు చేతులు దాన్ని పట్టేశాయి.

"ఇన్నాళ్ళూ మీరే పోశారుగా," అంది చిలక వాడితో, రొప్పుతూ. "ఇవాళ్టికి ఫ్లాస్కు నేను పట్టుకుంటాను."

* * *

పెద్దాయన మనుషులు డైరెక్టర్‌ని తీసుకెళ్ళాక ఆ ల్యాబ్‌లో ఇద్దరే మిగిలారు. చిలక గుమ్మం మెట్టు మీద కూర్చుంది. టెస్టర్ మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది.

"కోడ్‌కి జవాబెందుకు ఇవ్వలేదు?" అన్నాడు.

"గదిలో డైరెక్టర్ పెట్టిన మైకు ఉంది. మా మామయ్యకి కొత్త కోడ్ ఆలోచించే ఓపిక లేదు. మీకు ముందు వచ్చిన మెకానిక్‌కీ అదే ఎర్తింగ్ వాక్యం ఇచ్చి పంపాడు. నేను జవాబు చెప్పాను. మర్నాడే ఆ అబ్బాయి లిఫ్టు గుంటలో..." ఆమె తెల్లకోటు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "సీడ్ తిప్పడానికి నా చెయ్యి కావాలి కాబట్టి నన్ను ఉంచారు. అందుకే తర్వాత రిపోర్టులు కూడా మానేశాను. మీరొచ్చి మళ్ళీ అదే వాక్యం అనగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. జవాబు రాకపోతే మామూలు మెకానిక్ ప్రశ్నే అనుకుంటారని నోరు కట్టేసుకున్నాను, అందుకే సెలవు కూడా పెట్టమన్నాను."

"నేనని గుర్తుపట్టావా?"

"ఎంత పొట్ట పెట్టుకుంటే మాత్రం? డైరెక్టర్ నాతో మాట్లాడగానే మూతి అలా ముడుచుకునేవాడు ఈ భూమ్మీద ఒక్కడేగా." ఆమె నవ్వలేదు. "నన్ను అనుమానించారు, కదూ?"

అబద్ధం చెప్పడం అతని వృత్తి. ఆ క్షణంలో ఒక్కటీ నోటికి రాలేదు.

"అనుమానించాను."

"దేశం గురించా? డైరెక్టర్ గురించా?"

"డైరెక్టర్ గురించే. దేశం సంగతి మామయ్య చూసుకుంటున్నాడు కదా అని."

చిలక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాడు చెయ్యి తాకిన కప్పుతో తాగిన ప్రతిసారీ నా గదికెళ్ళి నోరు కడుక్కున్నాను. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టేవి. మీరేమో నిచ్చెనెక్కి నా నవ్వులు లెక్కపెట్టుకుంటున్నారు. సిగ్గుగా లేదూ?"

"ఉంది," అన్నాడు టెస్టర్. నిజంగానే ఉంది. నేల వైపు చూస్తూ చెప్పాడు: "వాడు నీ పక్కనుంటే కడుపు మండిపోయింది. ఇవాళ నీ పక్కన లేకపోయేసరికి భయమేసింది. నాకు చేతనైంది ఇంతే చిలకా."

ఆమె చెయ్యి చాచి, వేలాడుతున్న మీసాన్ని పుటుక్కున పీకేసింది. అతను అబ్బా అన్నాడు. అప్పటికి కాస్త నవ్వింది. ఈసారి ఆ నవ్వుకి ఇంకెవరూ సాక్షులు లేరు.

"మామయ్య నాకు సెలవు ఇచ్చాడు," అంది లేచి చీర దులుపుకుంటూ. "ఎటైనా వెళ్ళి నాలుగు రోజులు హాయిగా ఉండొస్తాను."

"ఎవరితో?" అన్న మాట నోరు దాటేశాక గానీ అతను నాలుక కరుచుకోలేదు.

"ఒక మెకానిక్‌తో," అంది చిలక.

"ఏ మెకానిక్?" అన్నాడు ఏజెంట్ టెస్టర్, మొహం మాడ్చుకుని.